మగపిల్లాడు నర్సు కావాలంటే: కర్నూలు నుంచి ఒక బ్రదర్ చెప్తున్న దారి

వార్డుకి కొత్తగా వచ్చిన అవ్వలు నన్ను చూస్తూనే "డాక్టరు సారూ" అంటారు. మెడలో స్టెతస్కోపు, మూతి మీద మీసం ఉంటే మా వైపు జనానికి వాడు డాక్టరే.

"డాక్టర్ని కాదవ్వా, నర్సుని."

"నర్సంటే ఆడోళ్లు గదప్పా?"

"మగోళ్లం గూడా ఉంటామవ్వా. చెయ్యి ఇట్లియ్యి, బీపీ చూస్తా."

చెయ్యి ఇచ్చేస్తుంది. పదకొండేళ్లుగా రోజూ నడుస్తున్న మాటలివి. ఆసుపత్రిలో ఆడ నర్సు సిస్టర్, మగ నర్సు బ్రదర్. అవ్వలతో ఎప్పుడూ పేచీ లేదు, అవస్థంతా చదువుకోవాలనుకునే పిల్లలతోనూ వాళ్ల ఇళ్లతోనూ. ఆదోని, పత్తికొండ, గుంతకల్లు, ప్రొద్దుటూరు నుంచి ఇంటర్ పాసైన పిల్లలు తెలిసినవాళ్ల ద్వారా నాకు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, నర్సింగ్‌లో చేరితే బాగుంటాదా? అబ్బాయిలకు సీటిస్తారా? ఆడ పేషెంట్లను ఎట్ల చూడాల?" అందరికీ విడివిడిగా చెప్పినవన్నీ ఒకచోట రాస్తున్నాను. చేరకముందు నుంచి ఉద్యోగం దాకా వరసగా చదువు. తొందరగా ఉంటే ఐదో మెట్టు ఒక్కటీ తప్పకుండా చదువు.

మొదటి మెట్టు: ఇంట్లో "నర్సు" అనే మాట పలుకు

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఇంట్లో "మెడికల్ లైన్" అంటారు, "బీఎస్సీ ఏదో" అంటారు. రెండో ఏడాదికి ఊళ్లో ఎవరో వచ్చి "మీవాడు నర్సంట గదా" అంటే నాయన తల దించుకుంటాడు. ఆయన సిగ్గుపడింది నీ చదువుకి కాదు, నువ్వు దాచినందుకు. అందుకే చేరకముందే కూర్చోబెట్టి నర్సు అనే మాటతోనే చెప్పు. మూడు ప్రశ్నలు వస్తాయి.

"ఒకరి మలమూత్రాలు ఎత్తేదానికా నిన్ను చదివించింది?" దీనికి "అట్లాంటివేం ఉండవు" అని అబద్ధం చెప్పొద్దు. ఉంటాయి. మా తాత మంచం పట్టినప్పుడు ఆర్నెల్లు మా నాయనే కడిగినాడు, పక్క మార్చినాడు, వీపు మీద పుండు పడకుండా పూటకోసారి పక్కకు తిప్పినాడు. నేను అదే గుర్తు చేసినాను. "నువ్వు చేసిందే నాయనా, నేను చదువుకొని చేస్తా." ఆయన ఏమీ మాట్లాడలేదు. కానీ ఫీజు కట్టడానికి ఆయనే వచ్చినాడు.

"ఆడోళ్ల పని గదా?" పదహారో శతాబ్దంలో ఇటలీలో కామిల్లస్ అనే మాజీ సైనికుడు రోగుల సేవకే ఒక సంఘం పెట్టినాడు. అందులో అందరూ మగవాళ్లే. 1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీద లండన్‌లో మొదలైన శిక్షణ బడి ఆడవాళ్లకు. నర్సు అంటే ఆడమనిషి అనే ముద్ర ఆ తర్వాతే గట్టిపడింది. అమెరికా సైన్యంలో మగ నర్సుకు ఆఫీసరు హోదా దొరికింది 1955లో. ఇదంతా నాయనకు చెప్పమని కాదు, నీకు తెలిసుండాలి. ఆయనకైతే ఊళ్లో కట్లు కట్టిన కాంపౌండర్లను గుర్తు చెయ్యి, చాలు.

"పిల్లనెవరిస్తారు?" ఈ భయం ఉత్తది కాదు. నాకు రెండు సంబంధాలు వెనక్కి పోయినాయి. మూడోది నిలబడింది, ఎందుకంటే ఆ అమ్మాయికి నా పని ఏంటో తెలుసు. ఎవరెవరో వద్దంటారని ముందే లెక్కేసుకొని చదువు మానుకోవద్దు.

రెండో మెట్టు: నీకు దారి ఉన్న కోర్సు ఏది

ఏఎన్ఎం ఆడపిల్లలకే. కాబట్టి గ్రామ సచివాలయంలో ఏఎన్ఎం ఉద్యోగం నీకు కాదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, మూడేళ్లు. ఇంటర్‌లో ఇంగ్లీషుతో కలిపి 40 శాతం మార్కులు ఉండాలి. సైన్సు గ్రూపుకి మొగ్గు ఉంటుంది, మిగతా గ్రూపులవాళ్లకూ అర్హత ఉంది. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివుండాలి, ఇంగ్లీషు ఉండాలి, 45 శాతం రావాలి, 17 ఏళ్లు నిండాలి. ఎస్సీ, ఎస్టీలకు మార్కుల్లో సడలింపు ఉంది. మన రాష్ట్రంలో బీఎస్సీ నర్సింగ్ సీట్లకు ఈఏపీసెట్ ర్యాంకు చూస్తున్నారు, కౌన్సెలింగ్ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేస్తుంది. కాబట్టి బైపీసీ రెండో ఏడాదిలోనే ఈఏపీసెట్ దరఖాస్తు పెట్టు. నీట్ మీదే ధ్యాస పెట్టి దీన్ని వదిలేసి, ఆగస్టులో లబలబలాడేవాళ్లను ఏటా చూస్తున్నాను.

రెండిట్లో ఏది అంటే, ఇంటి పరిస్థితి ఒప్పుకుంటే బీఎస్సీనే. ఒక కారణం చెప్తా. ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసరు పరీక్ష నార్సెట్‌కి బీఎస్సీ వాళ్లు చదువు అయిపోతూనే కూర్చోవచ్చు. జీఎన్ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. అట్లని జీఎన్ఎం చేసినవాడు చెడిపోయినట్టు కాదు, తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. నాతో పనిచేసిన మంచి నర్సుల్లో సగం మంది జీఎన్ఎం వాళ్లే.

ప్రకటన చేతికి రాగానే మొదట "అభ్యర్థులు" అన్న చోట చూడు. కొన్ని ప్రభుత్వ బడుల సీట్లు ఆడపిల్లలకే ఉంచుతారు. ఆ ఒక్క వాక్యం చదవకుండా ఫీజు కట్టి పోగొట్టుకోవద్దు. కుల, ఆదాయ, స్థానికత పత్రాలు మీసేవలో ముందే తీసిపెట్టుకో. ఫీజు రీయింబర్స్‌మెంటుకి జ్ఞానభూమి వెబ్‌సైటులో నీ వివరాలు, ఆధార్‌లో పేరు ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూసుకో.

మూడో మెట్టు: కాలేజీకి పోయి కళ్లతో చూడు

కరపత్రంలో భవనం ఫోటో చూసి చేరొద్దు. బస్సెక్కి పోయి చూడు. పోయినప్పుడు ఇవి అడుగు:

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఈ ఏడాదికి పేరుందా? పోయినేడాది ఉండటం వేరు, ఈ ఏడాది ఉండటం వేరు. కౌన్సిల్ వెబ్‌సైటులో నువ్వే చూసుకో.

సొంత ఆసుపత్రి ఎక్కడ? కనీసం 100 పడకలుండాలి. పడకలుంటే సరిపోదు, వాటి మీద రోగులుండాలి. పొద్దున పది గంటలకు వార్డుల్లో ఒక చుట్టు తిరుగు. మంచాల మీద దుప్పట్లు మడత చెరక్కుండా ఉంటే ఆ కాలేజీలో నువ్వు నేర్చుకునేది తక్కువ. క్లినికల్ పోస్టింగు కర్నూలు పెద్దాసుపత్రిలోనో, అనంతపురం సర్వజనాసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో ఉంటే మేలు. ఒక్క రోజులో అక్కడ కనిపించే జబ్బులు చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆరు నెలలైనా కనిపించవు.

అబ్బాయిలకు హాస్టల్ ఉందా? చాలా చోట్ల అమ్మాయిలకే ఉంటుంది. లేకపోతే గది అద్దె, తిండి ఖర్చు మొదటి రోజు నుంచే లెక్కలో వేసుకో. ఉదయం ఏడున్నరకల్లా వార్డులో ఉండాలి కాబట్టి ఆసుపత్రికి నడిచిపోయే దూరంలో గది చూసుకో. కర్నూలులో మేం నలుగురం బుధవారపేటలో ఒకే గదిలో ఉన్నాం. వంట వంతులు, ఇస్త్రీ వంతులు.

ఇక అసలు ప్రశ్న: అబ్బాయిలను లేబర్ వార్డులోకి పంపుతారా? ఈ ప్రశ్న ప్రిన్సిపాల్‌ను కాదు, మూడో ఏడాది అబ్బాయిలను అడుగు. టీ బంకు దగ్గర అడిగితే నిజం చెప్తారు. ఎందుకు అడగమంటున్నానో ఆరో మెట్టులో చెప్తా.

నాలుగో మెట్టు: తరగతిలో నలుగురే అయినప్పుడు

మా తరగతిలో యాభై ఆరు మంది అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలం. మొదటి వారంలో నలుగురం చివరి బెంచీలో ఒక ముద్దగా కూర్చున్నాం. అది సుఖంగా ఉంటుంది గానీ నష్టం చేస్తుంది. డెమో జరిగేటప్పుడు బొమ్మ చుట్టూ అమ్మాయిలు నిలబడితే మేం వెనక నుంచి మెడలు సాచి చూసేవాళ్లం. నెల తర్వాత మేడం పిలిచి పక్క వెయ్యమంటే దుప్పటి మూల మడత ఎట్లనో నాకు తెలీలేదు. ముందుకు పోయి నిలబడు. "అక్కా, కొంచెం జరుగు" అంటే జరుగుతారు.

క్లాసు లీడరు, బస్సు మాట్లాడటం, కాలేజీ డే స్టేజీ పనులు అన్నీ అబ్బాయిల మీదకే వస్తాయి. మొదట్లో గొప్పగా ఉంటుంది. ఆ గంటలన్నీ నీ చదువులోంచే పోతాయి. ఏడాదికి ఒక పని ఒప్పుకో, చాలు.

పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాడికి మొదటి ఆరు నెలలు నరకం, నాదీ అదే కథ. పాఠం మొత్తం అర్థం చేసుకోవాలని కూర్చోకుండా, వార్డులో రోజూ వినపడే పదాలు ఇరవై రాసుకొని వాటితో మొదలుపెట్టు. లెక్కలకు మాత్రం భయపడొద్దు. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో పోవాలి, సెట్టుకి మిల్లీలీటరుకు 20 చుక్కలు అనుకో. 500ను 20తో గుణించు, 240 నిమిషాలతో భాగించు. నిమిషానికి దగ్గర దగ్గర 42 చుక్కలు. ఇట్లాంటివి రోజుకు ఐదు చెయ్యి. రాత్రి రెండింటికి నిద్రమత్తులో కూడా తప్పు పోకూడని లెక్క ఇది.

వార్డులో కాలు పెట్టకముందే హెపటైటిస్-బి టీకా మొదలుపెట్టు. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. సూది గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బూ నీళ్లతో కడుక్కొని వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పు. హెచ్ఐవీ సోకకుండా మందు అవసరమైతే రెండు గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే పనికిరాదు. "మగోడు సూదికి భయపడినాడు" అంటారని దాచిపెట్టిన పిల్లాడు ఒకడు నాకు తెలుసు. మూడు నెలలు నిద్రపోలేదు వాడు.

ఐదో మెట్టు: అడిగి ముట్టుకో

ఈ వృత్తిలో మగవాడు నిలబడటం, నిలబడకపోవటం ఇక్కడే తేలుతుంది.

నేను రెండో ఏడాదిలో ఉన్నప్పుడు ఒక రాత్రి వెల్దుర్తి వైపు పల్లె నుంచి యాభై ఏళ్ల ఆమె ఛాతీ నొప్పితో వచ్చింది. ఈసీజీ తీయమన్నారు. వైర్లు, జెల్లీ తీసుకొని పోయినాను. ఒక్క మాట మాట్లాడకుండా చేతులకు, కాళ్లకు క్లిప్పులు పెట్టినాను. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి ఆమె పైట రెండు చేతులతో పట్టుకుంది. వేళ్లు తెల్లబడేంత గట్టిగా. నేను "తీయమ్మా, టైం లేదు" అన్నాను. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. గుండె నొప్పితో వచ్చిన మనిషి, ఆ నొప్పి కంటే నన్ను చూసే ఎక్కువ భయపడుతోంది.

నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చింది. నన్ను పక్కకు జరిపి, ఆమె చెవి దగ్గరికి వంగింది. "అమ్మా, గుండె ఎట్ల కొట్టుకుంటాందో పటం తీయాల. ఆరు చోట్ల బిళ్లలు అంటిస్తాం, నొప్పి ఉండదు, కరెంటు రాదు. తెర వేస్తాం. మీ కోడలు ఇక్కడే ఉంటాది, నేనూ ఉంటా. ఈ అబ్బాయి తీస్తాడు, చదువుకునే పిల్లోడు. సరేనా?" ఆమె కోడలి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. పైట తనే తీసింది. పటం రెండు నిమిషాల్లో వచ్చింది.

బయటికొచ్చినాక సిస్టర్ నాతో అన్నది ఒకటే మాట: "నువ్వు అడగలేదు." అంతకుముందు దాకా ఆమె ఒప్పుకోకపోవటానికి నేను మగవాడినవటమే కారణం అనుకున్నాను.

అప్పటి నుంచి నేను చేసేది వరసగా ఇది.

ముందు పేరు, పని చెప్పు: "నేను ఇక్కడ నర్సునమ్మా." ఏం చేయబోతున్నావో, ఎందుకో, ఎంతసేపో చెప్పు. "ఎవరైనా పక్కన ఉండాలా?" అని అడుగు, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. ఆడ రోగి అయితే పక్కన ఒక సిస్టర్‌నో ఆయమ్మనో నిలబెట్టు. బంధువు ఉన్నా సరే, ఆసుపత్రి మనిషి ఒకరు ఉండాలి. తెర పూర్తిగా మూయి, సందు వదలొద్దు. "సరే" అనే మాటో, తల ఊపటమో కనిపించినాకే చెయ్యి వెయ్యి.

బట్టల గురించి మాట్లాడేటప్పుడు "విప్పు" అనే మాట నోట రావద్దు. "పైట కొంచెం జరపండమ్మా", "ఈ దుప్పటి కప్పుకొని లోపల నుంచి తీయండి" అను. వాళ్లనే జరుపుకోనివ్వు. ఈసీజీలో మొదటి రెండు బిళ్లలు రొమ్ము ఎముకకు అటూ ఇటూ నాలుగో పక్కటెముక సందులో పెట్టాలి, నాలుగోది ఐదో సందులో కాలర్ ఎముక నడిమికి సూటిగా కిందన. నాలుగు నుంచి ఆరు దాకా బిళ్లలు స్తనం కింద పడాలి. మొహమాటపడి పైన అంటిస్తే పటం తప్పుగా వస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. "కొంచెం పైకి పట్టుకోండమ్మా" అని ఆమెనే అడుగు. ఆమెకు చేతకాకపోతే మధ్యలో గుడ్డ వేసి, అరచేతితో కాకుండా చేతి వెనక వైపుతో జరుపు. బిళ్లలు అంటించగానే తువ్వాలు కప్పు, మిషన్ నడిచేటప్పుడు ఒళ్లు తెరిచి ఉండాల్సిన పని లేదు.

వరస కలిపి పిలవటం మన అలవాటు, అది మంచిదే. పెద్దవాళ్లను అవ్వా, పెద్దమ్మా, అక్కా అను. నీ ఈడు ఆడపిల్లలను మాత్రం "అమ్మా" అనే పిలువు, పేరు పెట్టి చనువుగా పిలవొద్దు. కర్నూలులో, ఆదోనిలో, కడపలో ఉర్దూ మాట్లాడే ఆడవాళ్లు చాలామంది వస్తారు. "అమ్మా, హాత్ లగావూఁ క్యా?" (చెయ్యి వెయ్యనా?) అనే ఒక్క మాట నేర్చుకో. బురఖాలో ఉన్నావిడ ముఖం కనిపించకపోయినా భుజాలు వదులవటం నీకు తెలుస్తుంది.

మూత్రపు గొట్టం వేయటం, రొమ్ము, జననాంగాల దగ్గర డ్రెస్సింగు లాంటివి ఆడ రోగికి ఒంటరిగా ఎప్పుడూ చెయ్యొద్దు. చేసినాక కేస్ షీటులో టైం రాయి, చెప్పి ఒప్పించినట్టు రాయి, పక్కన ఎవరున్నారో పేరు రాయి. రేపెవరైనా ప్రశ్నిస్తే నీకు తోడుండేది ఆ రెండు లైన్లే. వార్డులో ఫోను చేతిలో ఉండకూడదు. నువ్వు మీ ఆవిడకు మెసేజ్ పెడుతున్నావో ఫోటో తీస్తున్నావో మంచం మీది మనిషికి ఎట్ల తెలుస్తుంది?

ఆమె వద్దంటే? వాదించొద్దు, ముఖం ముడుచుకోవద్దు. "సరేనమ్మా, సిస్టర్‌ను పంపిస్తా" అని వచ్చేయి. సిస్టర్ పని నువ్వు ఒకటి తీసుకో, మగ రోగి గొట్టమో, బరువైన డ్రెస్సింగో. ఇచ్చి పుచ్చుకున్నట్టు ఉంటుంది. ఒక్కచోట మాత్రం అడగటానికి టైం లేదు. మనిషి స్పృహ లేకుండా ఊపిరి ఆగి ఉంటే ఆడా మగా చూడకుండా ఛాతీ నడిమిన నొక్కటం మొదలుపెట్టు. నిమిషానికి 100 నుంచి 120, లోతు ఐదారు సెంటీమీటర్లు.

ఇంకొకటి. మగ రోగులను అడగక్కర్లేదనుకుంటారు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు బీజం ఆపరేషనుకు వచ్చి గోడ వైపు తిరిగి ఏడవటం నేను చూసినాను. వాడినీ అడుగు, వాడికీ తెర వెయ్యి.

ఆరో మెట్టు: లేబర్ వార్డు నీదే

బీఎస్సీ పాసైనవాడు నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండిటికీ రిజిస్టరవుతాడు. సిలబస్‌లో కాన్పుల విభాగం అబ్బాయిలకూ అంతే ఉంటుంది. అయినా నా చదువు రోజుల్లో ఒక చోట మమ్మల్ని లేబర్ రూము తలుపు బయట బెంచీ మీద కూర్చోబెట్టినారు. లోపల అమ్మాయిలు చేసిన కేసులు మేం బయట కాపీ రాసుకున్నాం. కేస్ బుక్ నిండింది, సంతకాలు పడినాయి. మూడేళ్ల తర్వాత అంబులెన్సు దిగుతూ ఒకామె మా గేటు దగ్గరే కాన్పయినప్పుడు, ఆ బెంచీ మీద గడిచిన రోజులు నాకు గుర్తొచ్చినాయి. నా చేతులు వణికినాయి. ఆయమ్మ చెప్తుంటే చేసినాను. తల్లీ బిడ్డా బాగున్నారు, అది నా గొప్ప కాదు.

కాబట్టి నువ్వు బెంచీ మీద కూర్చోవద్దు. పోస్టింగు మొదటి రోజు రౌండ్స్ కంటే ముందే పోయి ఇన్‌ఛార్జి సిస్టర్‌కి నమస్కారం పెట్టి, "అక్కా, నాకు ఈ కేసులు రావాల, మీరెట్ల చెప్తే అట్ల చేస్తా" అను. తెర బయటి పనితో నమ్మకం సంపాదించు. బిడ్డ గుండె చప్పుడు లెక్కపెట్టు, నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. నొప్పుల టైం రాయి. పుట్టిన బిడ్డను తుడవటం, వెచ్చగా చుట్టటం, బరువు తూయటం, ఒక మిల్లీగ్రాము విటమిన్-కె ఇవ్వటం, ఇవన్నీ అడిగి చెయ్యి. కాన్పవుతూనే తల్లికి ఒక నిమిషంలో 10 యూనిట్ల ఆక్సిటోసిన్ కండకు ఇవ్వాలి. అది సిద్ధం చేసిపెట్టి నిలబడ్డవాణ్ణి ఎవరూ బయటికి పొమ్మనరు.

ఒప్పించాల్సింది తరచుగా కాన్పయ్యే ఆమెను కాదు, ఆమె అత్తను. బయటికొచ్చి "అవ్వా, మీ కోడలికి నొప్పులు బాగా వస్తాండాయి, బిడ్డ గుండె బాగుంది, గంటకోసారి నేనే వచ్చి చెప్తా" అని చెప్పు. చెప్పినట్టు గంటకోసారి పో. మూడోసారికి ఆ అవ్వ బొరుగుల పొట్లం నీ చేతిలో పెడుతుంది.

అప్పటికీ లోపలికి రానివ్వకపోతే మేడం‌కు కాగితం మీద రాసివ్వు. నోటితో అడిగింది ఎవరికీ గుర్తుండదు. ఇతరుల కేసు మాత్రం నీ పేరుతో రాయొద్దు.

ఏడో మెట్టు: "బ్రదర్, ఒక చెయ్యి వెయ్"

రోజుకు ముప్పై సార్లు వినపడుతుంది. లావు మనిషిని మంచం మార్చాలంటే బ్రదర్. ఆక్సిజన్ సిలిండరుకు బ్రదర్. తాగొచ్చి గలాటా చేసేవాడి ముందు నిలబడటానికి బ్రదర్. సాయం చేయాల్సిందే. కానీ నాలుగేళ్లూ ఇదే చేస్తే నీకు వెన్ను నొప్పి వస్తుంది, పని రాదు.

ఎత్తేటప్పుడు ఒంటరిగా ఎత్తొద్దు. మంచం ఎత్తు నీ నడుముకు తెచ్చుకో, కింద దుప్పటి వేసి ఇద్దరు చెరో వైపు లాగండి. వెన్నెముక దెబ్బ తిన్న మనిషినైతే కనీసం ముగ్గురు నలుగురు కలిసి, తల దగ్గరి మనిషి లెక్కపెట్టినప్పుడు ఒక్కసారిగా దుంగలా తిప్పాలి. "నువ్వుంటే చాల్లే" అని ఎవరన్నా ఒప్పుకోవద్దు.

సాయం అడిగిన సిస్టర్‌తో, "వస్తానక్కా, అట్లనే ఆ సెంట్రల్ లైన్ డ్రెస్సింగ్ నాతో చేయించండి" అను. సెంట్రల్ లైన్ అంటే పెద్ద రక్తనాళంలోకి వేసిన గొట్టం. నేను నేర్చుకున్న పనుల్లో చాలా ఇట్లా బదులు కింద వచ్చినవే.

ఎనిమిదో మెట్టు: ఆడవాళ్ల మధ్య పనిచేయటం

ఇరవై ఏళ్ల సర్వీసున్న సిస్టర్ పక్కన నిలబడి ఉంటే రోగి బంధువు వచ్చి నన్ను అడుగుతాడు, "సార్, మా నాయనకు ఎట్లుంది?" కొత్తగా చేరిన డాక్టరు కూడా కేసు గురించి నాకే చెప్తాడు. మనకు తెలియకుండానే మనకు దక్కే పెద్దరికం ఇది, సంపాదించింది కాదు. అట్లాంటప్పుడు నేను పక్కకు జరిగి, "సిస్టర్‌ని అడగండి, ఆమె సీనియరు" అంటాను. వార్డులో ఆడవాళ్లు నిన్ను నమ్మటం ఇట్లాంటి చోటే మొదలవుతుంది.

మాటల్లో హద్దు తెలుసుకో. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. దాని పేర్లు నోటీసు బోర్డు మీద చదువు. భయపడటానికి కాదు, ఎవరైనా చెల్లెలు వచ్చి చెప్పుకుంటే ఎక్కడికి పంపాలో నీకు తెలియాలి కదా. నీకే ఇబ్బంది జరిగితే ఆ చట్టం మగవాడి ఫిర్యాదుకు వర్తించదు. తేదీ, టైం రాసి సూపరింటెండెంటుకు అర్జీగా ఇవ్వు.

తొమ్మిదో మెట్టు: కొలువు

చదువు అయిపోగానే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకో. అది లేకుండా ఏ దరఖాస్తూ నడవదు.

కేంద్ర సంస్థల్లో నర్సింగ్ ఆఫీసరు మూల వేతనం లెవల్-7లో 44,900 రూపాయలు. నార్సెట్ ప్రకటనల్లో 80 శాతం పోస్టులు ఆడవాళ్లకు, 20 శాతం మగవాళ్లకు అని పెడుతూ వచ్చినారు. అంటే అదే ర్యాంకుతో పక్కనమ్మాయికి వచ్చిన ఉద్యోగం నీకు రాకపోవచ్చు. నాకిది న్యాయంగా అనిపించదు, కానీ పరీక్షకు చదివేవాడు దీన్ని లెక్కలో పెట్టుకొని ఇంకొంచెం ఎక్కువ చదవాల్సిందే. రైల్వేలో నర్సింగ్ సూపరింటెండెంటు పోస్టులూ లెవల్-7లోనివే, మగవాళ్లూ పోటీ పడవచ్చు. వాటిని తక్కువమంది పట్టించుకుంటారు, నువ్వు పట్టించుకో. మిలిటరీ నర్సింగ్ సర్వీసు బీఎస్సీ కోర్సు ఆడపిల్లలకే. రాష్ట్రంలో మన రాయలసీమ నాలుగు పాత జిల్లాలకు స్టాఫ్ నర్సు ప్రకటనలు జోన్-4 పేరుతో కడప ప్రాంతీయ కార్యాలయం నుంచి వస్తూ వచ్చినాయి. పల్లె ఆరోగ్య కేంద్రాల్లో ఎంఎల్‌హెచ్‌పీ (మధ్య స్థాయి ఆరోగ్య సేవకుడు) పోస్టులకు బీఎస్సీ నర్సింగ్ అర్హత.

ప్రైవేటులో మొదటి జీతం తక్కువే, దాచను. అయినా మొదటి రెండేళ్లు జీతం కంటే ఐసీయూ చూసుకో. మగవాళ్లను నేరుగా డయాలసిస్‌కో, ఆర్థోకో, మానసిక వార్డుకో నెట్టేస్తారు. అవీ మంచి విభాగాలే, నువ్వు ఎంచుకొని పోతే.

విదేశాలకైతే రాయచోటి, రాజంపేట నుంచి కువైట్ పోయినవాళ్ల కథలు నీకు తెలుసు. నర్సులకు నియమం వేరు. కువైట్, సౌదీ లాంటి దేశాలకు 2015 నుంచి నర్సుల నియామకం ప్రభుత్వం గుర్తించిన ఏజెన్సీల ద్వారానే జరగాలి. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌ను ముందు సంప్రదించు. లక్షలు అడిగే ఏజెంటు దగ్గరికి పోవద్దు. జర్మనీ అంటే ముందు జర్మన్ భాష, అందులో ఏడాది కష్టం ఉంది.

పదో మెట్టు: బట్టలు మార్చుకునే గది

చిన్న విషయంలా ఉంటుంది. ఉద్యోగంలో చేరినాక నేను రెండేళ్లు సెలైన్ పెట్టెల గదిలో యూనిఫాం మార్చుకున్నాను. నర్సుల గది అంటే ఆడవాళ్ల గదే. రాత్రి డ్యూటీలో అరగంట నడుము వాల్చాలన్నా వరండాలో స్ట్రెచర్ మీదే. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నాను. నాకంటే చిన్నవాడు ఒకడు చేరిన మొదటి నెలలోనే అర్జీ రాసినాడు.

నువ్వూ అట్లనే రాయి. వార్డులో మగ నర్సులు ఎంతమంది, ఏ షిఫ్టుల్లో ఉంటారు, ప్రస్తుతం ఎక్కడ మార్చుకుంటున్నారు, ఖాళీగా ఉన్న గది ఏది, ఆ నాలుగూ రాసి అందరూ సంతకాలు పెట్టండి. సీనియర్ సిస్టర్ల సంతకాలు కూడా అడగండి. మాకు ముగ్గురు పెట్టినారు. నర్సింగ్ సూపరింటెండెంటుకు ఒక కాపీ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో. మాకు నలభై రోజుల్లో మెట్ల కింది గది ఇచ్చినారు. లోపలికి గడియ, నాలుగు లాకర్లు, ఒక మేకు. తలుపు మీద "బ్రదర్స్" అని సున్నంతో రాసుంది.